అతుకు

డెర్రీ ఊళ్లో, ఫాయిల్ నది మీదికి కిటికీలు తెరుచుకునే
పాత చొక్కాల ఫ్యాక్టరీ, మూడో అంతస్తు.
మిషన్లు ఎప్పుడో పోయాయి.
నేల మీద వాటి కాళ్ల గుంటలు మిగిలాయి,
నాలుగేసి చొప్పున, వరసగా.
నా మైకు స్టాండ్లు ఆ గుంటల్లోనే దించాను,
జారకుండా ఉంటాయని.

ఫింటన్ డెవెన్ని వచ్చాడు,
రెండు గిటార్లూ ఒక్క భుజానికే తగిలించుకుని.
ఒకటి కరెంటుది. ఎర్రరంగు పెచ్చులూడి
లోపలి చెక్క కనిపిస్తోంది, మోకాలు దోక్కుపోయినట్టు.
రెండోది ఉత్త కొయ్యది.
పాత సామాన్ల కొట్లో నలభై పౌండ్లకి కొన్నాడట,
పొట్ట మీద ఎవరిదో పేరు గోటితో గీకి ఉంది.

యాభై రెండేళ్లు. ఎడమ చెవి ముప్పాతిక పోయింది.
ముప్పై ఏళ్లు ఆ పక్కనే ఆంప్లిఫయర్ పెట్టుకున్నందుకు
అది వసూలు చేసుకున్న అద్దె.

మొదటి వారం కరెంటు పాటలు.
కొలం డ్రమ్ము మీద దెబ్బ వేస్తే
కిటికీ అద్దం మీద వాన చుక్కలు దారి తప్పేవి.
ఫింటన్ తీగని పైకి లాగి, లాగి,
ఇక తెగుతుంది అనుకున్న చోట
ఇంకో వెంట్రుకవాసి లాగేవాడు.
మీటరు ముల్లుని చూడటం మానేశాను.
ఎర్రగీత దాటి అది అక్కడే కాపరం పెట్టింది.

రెండో వారం కొయ్య పాటలు.
అందరినీ బూట్లు విప్పి రమ్మన్నాను.
తీగ మీద వేలు జరిగే కీచు,
అతని ముక్కులోంచి వచ్చే గాలి,
కింద వీధిలో ఎవరో సైకిలుకి తాళం వేస్తున్న చప్పుడు,
అన్నీ టేపుకెక్కాయి. తుడవొద్దన్నాడు.
వినపడని చెవికి మారుగా
దవడ ఎముకని గిటారు అంచుకి ఆనించి వాయించాడు.
పాట అతనికి పళ్లలోంచి అందింది.

చిక్కంతా ఆ తర్వాత.
పక్కపక్కన పెడితే రెండు రకాల పాటలూ
ఒకే ఇంట్లో మాటల్లేని తోడికోడళ్లలా ఉన్నాయి.
కరెంటు పాట ఆగి కొయ్య పాట మొదలైతే
దీపం పోయిందేమో అనిపించేది.
వరస మార్చాం. పదకొండుసార్లు మార్చాం.
చివరికి ఒకే పాటలో రెండూ వాయించాడు.
ఒకదాన్నించి ఇంకోదానికి దాటే చోట ఓ గతుకు.
మూడు రాత్రులు కూర్చుని దాన్ని నున్నగా చేశాను.

శనివారం వాళ్ల మేనత్త ఊనా వచ్చింది. ఎనభై ఒకటి.
మెట్ల మీది ఆయాసం తీర్చుకుని
కిటికీ పక్కన మూడో గుంటల వరస దగ్గరికి
తిన్నగా పోయి నిలబడింది.
"ఇది నాది."
పదహారో ఏటి నుంచి ఇరవై రెండేళ్లు
ఆమె కాజాలు కుట్టిన చోటు.

నున్నగా చేసిన పాట వినిపించాం.
బొటనవేలిని చూపుడువేలి మీద రాస్తూ వింది,
లేని బట్టని తడుముతున్నట్టు.
"కాలరు మిషను మీద కుట్టేవాళ్లం, గంటకి ఇన్నని.
మెడ కాజా మాత్రం చేత్తో.
రెండూ కలిసే చోట దారం కాస్త ఉబ్బుతుంది.
కొత్త పిల్లలు దాన్ని ఇస్త్రీ పెట్టి అణిచేసేవాళ్లు,
సూపర్వైజరు కంటపడకుండా.
సరిగ్గా అక్కడే పిగిలేది, నాలుగో ఉతుక్కి."
టీ తాగింది. చక్కెర చాల్లేదంది.
"ఆ కుర్రాడి అతుకుని ఎవరు ఇస్త్రీ చేశారు?"

నేను కేబుళ్లు చుట్టే పనిలో పడ్డాను.

మర్నాడు పాత టేపు బయటికి తీశాం.
నాలుగో పాట, రెండు నిమిషాల పదకొండో సెకను.
కొయ్య గిటారు పక్కన పెట్టి కరెంటుది అందుకుంటాడు.
వైరు దూర్చేటప్పుడు టప్పుమంటుంది.
కుర్చీ ఒకటి కిర్రుమంటుంది.
రెండు గుక్కల సేపు ఎవరూ ఏమీ వాయించరు,
కొలం మాత్రం తొడ మీద తాళం వేస్తుంటాడు.
తర్వాత తీగ లేస్తుంది.

మీ ఇంట్లో ఏదో పడిందేమో అనుకోకండి.
అక్కడ వేలు పెట్టి చూడండి, ఉబ్బెత్తుగా తగులుతుంది.

ఊనాకి ఒక రికార్డు పంపాం.
ఆమె దగ్గర ప్లేయరు లేదు.
అట్ట మీది ఫొటోలో
ఫింటన్ చొక్కాకి మెడగుండీ లేదని,
తెచ్చిస్తే కుట్టిపెడతానని కబురు చేసింది.